మంచుకొండ దాటిన రచయిత

షెర్లాక్ హోమ్స్ పేరు వినని పుస్తకప్రియులు అరుదు. ఆ అపరాధ పరిశోధకుణ్ణి సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ జీవితం కూడా ఆ కథల వలెనే ఆసక్తికరమైనది. వైద్యుడుగా, రచయితగా, క్రీడాకారుడుగా పేరు పొందిన ఆయన కష్టకాలంలోనూ నిబ్బరం కోల్పోలేదు. ఆల్ప్స్ పర్వతాలలో ఆయన గడిపిన ఒక రోజు అందుకు నిదర్శనం.

డాయిల్ 1859 మే 22న స్కాట్లాండులోని ఎడిన్‌బరో నగరంలో జన్మించాడు. తండ్రి చార్లెస్ చిత్రకళలో నేర్పరి అయినా మద్యపాన వ్యసనానికి లోనై కుటుంబభారం మోయలేకపోయాడు. తల్లి మేరీ పేదరికంలోనే బిడ్డలను పెంచింది. ఆమె చెప్పిన వీరగాథలు బాలుని ఊహాశక్తికి పదును పెట్టాయి. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసిస్తున్నప్పుడు జోసెఫ్ బెల్ అనే గురువు రోగిని చూచినంతనే అతని వృత్తిని, అలవాట్లను పసిగట్టడం డాయిల్‌ను ఆశ్చర్యపరచింది. హోమ్స్ పాత్రకు ప్రేరణ ఆ గురువే. విద్యార్థిగా ఉండగానే 1880లో డాయిల్ తిమింగిలాల వేటకు పోయే ఓడలో వైద్యుడుగా ఉత్తర ధ్రువ సముద్రంలో పయనించాడు. మంచుతోనూ ప్రమాదంతోనూ ఆయనకు అప్పుడే పరిచయమయింది.

1885లో డాయిల్ లూయీసాను వివాహమాడాడు. హోమ్స్ తొలి నవల 1887లో వెలువడింది. 1891 నుండి స్ట్రాండ్ పత్రికలో వచ్చిన కథలు ఆయనకు అపారమైన కీర్తిని తెచ్చిపెట్టాయి. అయితే 1893లో ఆ సంసారంపై పిడుగు పడింది. లూయీసాకు క్షయవ్యాధి సోకినదని మరొక వైద్యుడు నిర్ధారించాడు. ఆమె కొద్ది నెలలకంటె ఎక్కువ కాలం జీవించదని భావించారు. క్షయకు మందు కనుగొన్నామన్న వార్త విని 1890లో డాయిల్ స్వయంగా బెర్లిన్ వెళ్ళి, ఆ చికిత్సపై అప్పుడే ఆశ పెట్టుకోరాదని హెచ్చరించినవాడు. ఆ వ్యాధికి తిరుగులేని మందు లేదని ఆయనకంటె బాగా ఎరిగినవారెవరు? నిర్మలమైన కొండగాలి ఒక్కటే ఆధారమని భార్యను స్విట్జర్లాండులోని దావోస్‌కు తీసుకొని వెళ్ళాడు. ఆ సంవత్సరమే తండ్రి మరణించాడు. డిసెంబరులో వెలువడిన కథలో హోమ్స్ పాత్రకు కూడా ముగింపు పలికి, పాఠకుల ఆగ్రహానికి గురి అయ్యాడు.

దావోస్ సముద్రమట్టానికి 1500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఊరు. నాడు అది ప్రధానంగా క్షయరోగుల విడిది. భార్యకు తోడుగా ఉంటూ, రచన సాగిస్తూనే డాయిల్ స్కీయింగ్ నేర్చుకోసాగాడు. నార్వేలో ప్రాచీనమైన ఈ విద్య స్విట్జర్లాండులో అప్పటికి కొత్తది. నాటి స్కీలు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు గల కొయ్యపలకలు. వాటి ముందు కొనలు పైకి వంగి ఉండేవి. మధ్యలో పాదాన్ని బిగించడానికి తోలుపట్టీలు తప్ప మరే అమరికా లేదు. చేతిలో ఒక్క కర్ర మాత్రమే ఆధారం. వాటిపై నిలిచినవారు అడుగడుగునా పడి లేవవలసినదే. డాయిల్ ఎన్నోమార్లు పడ్డాడు, పడినప్పుడెల్లా లేచాడు.

దావోస్ సోదరులు టోబియాస్, యోహాన్ బ్రాంగర్‌లు 1893లో స్కీలపై కొండ దాటి అరోసా చేరినవారు. వారిని వెంటబెట్టుకొని డాయిల్ 1894 మార్చి 23న తెల్లవారకముందే బయలుదేరాడు. వెన్నెల వెలుగులో మంచువాలును వంకరటింకరగా ఎక్కుతూ, సుమారు 2440 మీటర్ల ఎత్తున ఉన్న ఫుర్కా కనుమను చేరుకున్నారు. దారిలో ఒకచోట గట్టిపడిన మంచువాలు కింద లోయలోకి దిగిపోతున్నది. అక్కడ కాలు జారితే ప్రాణాలు దక్కవు. అనుభవం లేని డాయిల్‌కు రక్షణగా సోదరులిద్దరు ఆయనకు దిగువవైపున నడిచారు. కనుమ దాటిన పిమ్మట మెత్తని మంచుపై జారిపోవడం ఆయనకు పక్షివలె ఎగురుతున్న అనుభూతిని కలిగించింది. మరొక నిటారు వాలులో స్కీలను జతగా కట్టి బండివలె వాడుకోవాలనుకున్నారు. డాయిల్ స్కీలు చేజారి ముందుగానే కిందికి దొర్లిపోయాయి. ఆయన మంచుపై కూర్చుండి జారుతూ దిగాడు, దుస్తులు అరిగిపోయాయి! మధ్యాహ్నానికి ముందే ముగ్గురూ అరోసా చేరారు. విడిదిగృహపు పుస్తకంలో టోబియాస్ డాయిల్ వృత్తిని క్రీడాకారుడని వ్రాయగా, ఆ బిరుదు ఆయనకు ఎంతో ఆనందం కలిగించింది.

ఈ ప్రయాణాన్ని డాయిల్ 1894 డిసెంబరులో స్ట్రాండ్ పత్రికలో వర్ణించాడు. స్కీయింగ్ కోసం వందలాది ఆంగ్లేయులు స్విట్జర్లాండుకు వచ్చే కాలం రాగలదని అందులో ఊహించాడు. ఆ ఊహ నిజమయింది. రోగుల విడిదిగా ఉన్న దావోస్ ప్రపంచ ప్రసిద్ధమైన స్కీయింగ్ కేంద్రమయింది.

కొద్ది నెలలే బ్రతుకుతుందనుకున్న లూయీసా పదమూడేండ్లు జీవించింది. ఆమె ఆరోగ్యం కోసమే డాయిల్ ఇంగ్లాండులోని హైండ్‌హెడ్‌లో గాలి, వెలుతురు ధారాళంగా వచ్చే ఇల్లు కట్టించాడు. 1900లో దక్షిణాఫ్రికా యుద్ధరంగంలో క్షతగాత్రులకు, రోగులకు సేవచేశాడు. 1902లో సర్ బిరుదు పొందాడు. పాఠకుల కోరిక మన్నించి హోమ్స్‌ను మరల బ్రతికించాడు. 1906లో లూయీసా కన్నుమూసింది. డాయిల్ 1930 జూలై 7న మరణించాడు.

భార్య రోగాన్ని నయం చేయడం వైద్యుడైన డాయిల్ చేతిలో లేదు. చేతిలో ఉన్న పని మాత్రం ఆయన ఏనాడూ విడువలేదు. దుఃఖం చుట్టుముట్టిన రోజులలోనే ఆయన ఒక కొత్త విద్య నేర్చి, పడుతూ లేస్తూ కొండ దాటాడు. యువతకు ఆయన జీవితం అందించే సందేశం ఇదే.