నవజాత శిశువులకు రక్షగా నిలిచిన తెలుగు వైద్యశాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

తొర్రూరు, నవంబరు 15: ఏటా నవంబరు 15 నుంచి 21 వరకు దేశవ్యాప్తంగా జాతీయ నవజాత శిశు వారోత్సవాలు జరుగుతాయి. పూర్వపు వరంగల్, నేటి మహబూబాబాద్ జిల్లాలోని తొర్రూరు వంటి పట్టణాల నుంచి మారుమూల పల్లెల వరకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఉచితంగా అందజేసే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనుక ఒక తెలుగు వైద్యుని కృషి ఉన్నది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. పేదరికం కారణంగా చదువు ఒడిదుడుకులతో సాగింది. మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులై, మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి హాజరై ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. చివరకు ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆహారసారం ఒంటబట్టనీయక, రక్తహీనతకు దారితీసే స్ప్రూ వ్యాధితో ఇద్దరు సోదరులు స్వల్ప వ్యవధిలోనే మరణించడం ఆయనను తీవ్రంగా కలచివేసింది.

అనంతరం అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం అభ్యసించారు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న ఉద్యోగం చేశారు. ఆచార్య సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలపై వారి పరిశోధనలు 1927, 1929లలో వెలువడ్డాయి. ఇంతటి కృషి చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత స్థానం లభించలేదు.

1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరిన ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికే అది ఔషధమైంది. అదే ప్రయోగశాలలలో రూపొందిన అమినాప్టెరిన్‌తో రక్త క్యాన్సర్ సోకిన బాలలకు తాత్కాలిక ఉపశమనం లభించినట్లు 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. బోదకాలు నివారణకు నేటికీ పంపిణీ చేస్తున్న డీఈసీ మందు, ఆరియోమైసిన్ కూడా ఆయన పరిశోధన విభాగం నుంచి వచ్చినవే.

గర్భస్థ శిశువు మెదడు, వెన్నుపాము రూపొందే నాళం గర్భధారణ జరిగిన 28 రోజులలోపే మూసుకుంటుంది. అది సరిగా మూసుకోక లోపంతో పుట్టిన బిడ్డను లోగడ కన్న తల్లులకు ఫోలిక్ యాసిడ్ ఇస్తే, అదే లోపం మళ్ళీ వచ్చే ప్రమాదం 72 శాతం తగ్గినట్లు 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం వెల్లడించింది. ఈ ఫలితం చూడకుండానే సుబ్బారావు 1948 ఆగస్టులో, 53వ ఏట, గుండెపోటుతో న్యూయార్క్‌లో కన్నుమూశారు. అమెరికా వెళ్ళిన తరువాత ఆయన మళ్ళీ స్వదేశానికి రాలేదు. భార్య శేషగిరిని చూడలేదు. 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారకార్థం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

పలువురు మహిళల విషయంలో గర్భం నమోదయ్యే నాటికే ఆ 28 రోజులు గడచిపోతున్నాయి. అందువల్ల సంతానం కోరుకునే మహిళలు గర్భధారణకు ముందే ఫోలిక్ యాసిడ్ వాడకం ప్రారంభించి, తొలి మూడు నెలలూ కొనసాగించాలి. నాలుగవ నెల నుంచి 180 రోజులపాటు ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు వాడాలి. మాత్ర సకాలంలో తల్లికి చేరినప్పుడే సుబ్బారావు కృషి ఫలం బిడ్డకు అందుతుంది.