విద్యుత్ మోటారు – స్వదేశ హస్తము

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో కఱ్ఱకోత మర తిరుగుచుండగా దాని మోటారు ఎచట పుట్టినదని విచారించువారు అరుదు. ఒకప్పుడు అట్టి మోటారు సీమనుండి రావలసినదే. ఆ పరాధీనతను సడలించినవారిలో అగ్రగణ్యులు కోయంబత్తూరు తెలుగువారగు జి.డి. నాయుడుగారు.

వారు 1893లో కలంగల్ గ్రామమున రైతుకుటుంబమున జన్మించిరి. బడిచదువు అబ్బలేదు. హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో ఒక ఆంగ్లేయాధికారి మోటారుసైకిలును కొని, విప్పి బిగించి, యంత్రమర్మమును గ్రహించిరి. 1920లో పొల్లాచి, పళనిల నడుమ ఒక్క బస్సుతో ఆరంభించి గొప్ప రవాణాసంస్థను నెలకొల్పిరి. 1937లో పీలమేడునందు డి. బాలసుందరం నాయుడుగారితో కలసి విద్యుత్ మోటారును నిర్మించిరి. భారతదేశమున తయారైన మొదటి మోటారని దానికి ప్రసిద్ధి.

ఇది సామాన్యకార్యము కాదు. పూర్వము ఒక పెద్ద ఇంజనునుండి తోలుపట్టాలతో యంత్రములన్నియు తిరుగవలసియుండెను. మోటారు రాకతో ఱంపమునకు, చిత్రికమరకు వేర్వేరు శక్తి లభించి, చిన్న వడ్రంగియు స్వతంత్రుడు కాగలిగెను.

1945లో కోయంబత్తూరున వెలసిన ఆర్థర్ హోప్ కళాశాలకు నాయుడుగారు తొలి ప్రధానాచార్యులు. ఇంజనీరింగు చదువునకు రెండేండ్లు చాలునని వారు వాదించిరి. ప్రభుత్వము సమ్మతింపకపోగా పదవిని వదలిరి. 1974లో దివంగతులైరి.

ఆ వాదమును పూర్తిగా అంగీకరింపనివారును దాని మర్మమును విస్మరింపరాదు. యంత్రమును కొనుట వ్యాపారము. దానిని విప్పి చూచుట విద్య. మన పారిశ్రామికవాడల ద్వారములు పల్లెబాలురకు తెరచినప్పుడే నాయుడుగారి ఋణము తీరునని మా విశ్వాసము.