తారల అంతరంగ శోధకుడు ఎడింగ్టన్

నవంబరు 22 వర్ధంతి

నక్షత్రం లోపల ఏం జరుగుతోందో కంటితో చూడలేం. దాని వెలుగులోని హెచ్చుతగ్గులను బట్టి ఆ రహస్యాన్ని శోధించిన మహనీయుడు ఆర్థర్ ఎడింగ్టన్. 1882 డిసెంబరు 28న ఇంగ్లండులోని కెండాల్ పట్టణంలో జన్మించారు. పసితనంలోనే తండ్రి టైఫాయిడ్‌తో మరణించగా తల్లి పెంపకంలో పెరిగారు. ఉపకార వేతనాలతో చదువుకుని 1913లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్ర ఆచార్యులయ్యారు.

తారలు తమ బరువుకు తామే క్రమంగా కుదించుకుపోవడం వల్ల వేడి పుడుతుందన్నది అప్పట్లో బలంగా ఉన్న అభిప్రాయం. దీనిని పరీక్షించేందుకు ఎడింగ్టన్ డెల్టా సెఫీ అనే తారను ఎంచుకున్నారు. అది సుమారు 5 రోజుల 9 గంటలకోసారి ఉబ్బి, ముడుచుకుంటూ వెలుగు మారుస్తుంది. తార దట్టమయ్యేకొద్దీ ఈ వ్యవధి తగ్గుతుంది. పాత అభిప్రాయమే నిజమైతే ఏటా 40 సెకన్ల మేర తగ్గాలని ఆయన లెక్కగట్టారు. అయితే 18వ శతాబ్ది చివరి నుంచి నమోదైన పరిశీలనల ప్రకారం ఆ తగ్గుదల ఏటా సెకనులో పదో వంతు మాత్రమే.

అంటే తారల వేడికి మూలం వేరే ఉండాలి. హైడ్రోజన్ హీలియంగా మారడమే ఆ మూలం కావచ్చని 1920లో కార్డిఫ్‌లో జరిగిన శాస్త్రవేత్తల సభలో ఆయన ప్రతిపాదించారు. ఆ మార్పు జరిగే తీరును 1939లో హాన్స్ బెథే వివరించారు. ఎడింగ్టన్ 1944లో కన్నుమూశారు. వెలుగు హెచ్చుతగ్గులతో తారల అంతర్భాగాన్ని తెలుసుకునే మార్గాన్ని ఖగోళ శాస్త్రవేత్తలు నేటికీ అనుసరిస్తున్నారు.