శిష్యత్వపు వెల: మదనపల్లె ఛాంబర్లిన్

గోపురం కట్టేవాడు ముందుగా ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు నేర్పారు. ఆ వెల ఒక్కరోజులో తీరేది కాదని డాక్టర్ జేకబ్ ఛాంబర్లిన్ జీవితం మనకు చూపిస్తుంది.

1835లో అమెరికాలో పుట్టిన ఆయన, ఆర్కాటు మిషన్ సేవకు వచ్చి 1863లో మదనపల్లె చేరారు. అదే ఏడాది స్వదేశీ సహోదరులతో గోదావరి అడవుల మీదుగా దాదాపు 1200 మైళ్లు తిరిగి సువార్త ప్రకటించారు. ఆ దారిలో పట్టిన అడవి జ్వరం ఆయనను చాలాకాలం బాధించింది. అయినా రోగులకు వైద్యం చేశారు, తెలుగు బైబిలు సవరణకు శ్రమించారు. 1908లో మదనపల్లెలోనే ప్రభువునందు నిద్రించారు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం విశ్వాసులారా, పక్కవీధిలో జ్వరంతో ఉన్నవారిని పరామర్శించే తీరిక మనకుందా? మేమూ ఆ లెక్కలో తప్పినవాళ్లమే. ఈ వారమే వెళదాం.