నేరానికీ ఓ మ్యూజియం.. హాన్స్ గ్రాస్ నేర్పిన పాఠం

విజయవాడలో ఎక్కడైనా చోరీ జరిగిందంటే పోలీసుల వెనకే క్లూస్ టీమ్ దిగుతుంది. బీరువా తలుపు మీద పొడి చల్లి వేలిముద్రలు తీస్తుంది, అడుగుజాడలు కొలుస్తుంది. ఎస్సై పోస్టుకో, ఫోరెన్సిక్ కోర్సుకో సిద్ధమవుతున్న మీకు ఇది కొత్తేమీ కాదు. కానీ ఈ పద్ధతికి శాస్త్రం హోదా తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఓ ఆస్ట్రియా మేజిస్ట్రేటును. ఆయన పేరు హాన్స్ గ్రాస్.

1847 డిసెంబరు 26న గ్రాజ్ నగరంలో పుట్టారు. న్యాయశాస్త్రం చదివి, నేరాలపై దర్యాప్తు జరిపే మేజిస్ట్రేటుగా ఏళ్ల తరబడి పనిచేశారు. అప్పట్లో కేసంటే సాక్షులు చెప్పిన మాట, నిందితుడి ఒప్పుకోలు.. అంతే! కళ్లారా చూసినవాళ్లే ఎంత తేలిగ్గా పొరబడతారో గమనించిన గ్రాస్, దొరికిన వస్తువును నమ్ముకోవాలన్నారు. 1893లో దర్యాప్తు అధికారుల కోసం పెద్ద గ్రంథం రాశారు. ఘటనా స్థలానికి వెళ్లేటప్పుడు సంచిలో ఏమేం ఉండాలో కూడా అందులో చెప్పారు. కాగితాలు, టేపు, అడుగుజాడల అచ్చు తీయడానికి ప్లాస్టర్, చివరికి చిన్నపిల్లల బెరుకు పోగొట్టడానికి మిఠాయిలు కూడా!

చదివితే చాలదు, చూడాలి కదా? అందుకే కేసు ముగిశాక మూలపడే ఆయుధాలను, దొంగ నాణేలను, ఇతర ఆధారాలను భద్రపరిచి 1890ల్లో గ్రాజ్ కోర్టులో నేర మ్యూజియం మొదలుపెట్టారు. కొత్త అధికారులు పాత కేసుల వస్తువులతో పోల్చి చూసి నేర్చుకోవాలన్నది ఆయన ఉద్దేశం. 1912లో గ్రాజ్ విశ్వవిద్యాలయంలో నేర పరిశోధన సంస్థను స్థాపించినప్పుడు మ్యూజియం కూడా అందులో చేరింది. 1915 డిసెంబరు 9న ఆయన కన్నుమూశారు.

మనకీ ఆయనకీ సంబంధమేమిటంటారా? ఆ గ్రంథానికి ఇంగ్లిషు అనువాదం 1906లో వెలువడింది మద్రాసులోనే. అక్కడి పబ్లిక్ ప్రాసిక్యూటర్లు దాన్ని భారతదేశ పరిస్థితులకు తగ్గట్టు మార్చి ప్రచురించారు. కృష్ణా డెల్టా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది.

అలాగని గ్రాస్‌ను దేవుణ్ని చేయకండి. వస్తువుల విషయంలో చూపిన జాగ్రత్త మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆయనకు లేకపోయింది. రోమా సంచార జాతి మొత్తాన్నీ నేరగాళ్ల కింద జమకట్టి రాశారు. తన దారికి రాని కొడుకు ఓట్టోను 1913లో పోలీసులతో పట్టించి మానసిక చికిత్సాలయంలో పెట్టించారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన డెల్టాలోనూ ఇలాంటి తప్పే జరిగింది. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో నిఘా మధ్య ఉంచారు. 1911 నాటి ఆ చట్టం ప్రకారం ఏ నేరం రుజువు కాకపోయినా, ఫలానా తెగలో పుట్టారని వేలిముద్రలు తీసుకోవచ్చు! 1952లో చట్టం రద్దయింది. ఊరి మీద పడిన మచ్చ మాత్రం అంత త్వరగా పోలేదు.

2018 అక్టోబరు 21న ఢిల్లీలోని చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకంతోపాటు మ్యూజియం కూడా ప్రారంభమైంది. వెళ్తే తప్పక చూడండి. అలాంటిది రేపు మన బెజవాడలో కడితే, క్లూస్ టీమ్ కిట్ పక్కనే స్టూవర్టుపురం కథ కూడా ఉండాలి.

ఇక ఉద్యోగాల సంగతి. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలంటోంది. ఇందుకు సిద్ధం కావడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువుంది. అంటే సైన్స్ డిగ్రీ చదివినవాళ్లతో పోలీసులకు పని పెరుగుతుందన్నమాట. రేపు మీరు ఖాకీ వేసుకున్నా, ల్యాబ్ కోటు తొడుక్కున్నా గ్రాస్ నుంచి వస్తువును చూసే కన్ను తీసుకోండి. మనిషిని చూసేటప్పుడు మాత్రం స్టూవర్టుపురాన్ని గుర్తుంచుకోండి.