చనిపోయిన కవి కోసం గాలింపు: మూసా జలీల్ జీవితం

రష్యాలోని తాతారిస్తాన్ రాజధాని కజాన్‌లో రెండు చిన్న నోటుపుస్తకాలు భద్రంగా ఉన్నాయి. అరచేతిలో ఇమిడేంత సైజు. రెండూ రాసింది ఒక్కరే, భాష కూడా ఒక్కటే, తాతార్. లిపులు మాత్రం వేరు. ఒకదాంట్లో అరబీ అక్షరాలు, కుడి నుంచి ఎడమకు. రెండో దాంట్లో లాటిన్ అక్షరాలు. ఆయన వాటిని రాసే నాటికి ఈ రెండు లిపులూ ఆయన దేశంలో చెల్లుబాటులో లేవు. ఆయన పేరు మూసా జలీల్.

1906 ఫిబ్రవరి 15న ఓరెన్‌బర్గ్ ప్రాంతంలోని ముస్తఫినో అనే పల్లెలో ఓ పేద తాతార్ ముస్లిం కుటుంబంలో పుట్టారు. కుటుంబం ఓరెన్‌బర్గ్ పట్నానికి వచ్చాక అక్కడి హుసైనియా మదర్సాలో చేరారు. పేరున్న మదర్సా అది. దీనీ చదువుతో పాటు లెక్కలు, భూగోళం, సాహిత్యం కూడా చెప్పే కొత్త పద్ధతి బడి. మూసాకు కవిత్వం మీద ఇష్టం కలిగింది ఆ రోజుల్లోనే. అలిఫ్, బే దిద్దిన ఆ చెయ్యే తర్వాత జైలులో పనికొచ్చింది.

పదకొండేళ్లకు విప్లవం చూశారు. 1919లో కమ్యూనిస్టు యువజన సంఘంలో, 1929లో పార్టీలో చేరారు. భయంతో చేరిన మనిషి కాదు, మనస్ఫూర్తిగా నమ్మి చేరారు. ఇది దాచిపెట్టి ఆయన కథ చెబితే అది సగం కథే అవుతుంది. మాస్కో యూనివర్సిటీలో సాహిత్యం చదివి 1931లో బయటికొచ్చారు. తాతార్ పిల్లల పత్రికలు నడిపారు, కజాన్‌లో ఒపెరా థియేటర్ కోసం పాటల నాటకాలు రాశారు.

ఈ లోగా ఆయన భాషకు ఏం జరిగిందో చూడండి. శతాబ్దాలుగా తాతార్లు అరబీ లిపిలోనే రాసుకునేవారు. 1920ల చివర్లో సోవియట్ ప్రభుత్వం దాన్ని తీసేసి లాటిన్ లిపి పెట్టింది. జనం అది నేర్చుకుని అలవాటు పడే లోపే, 1939లో దాన్నీ తీసేసి రష్యన్ అక్షరాలు తెచ్చింది. ఉర్దూ చదవడం రాని మన పిల్లల చేతికి దాదా రాసిన ఉత్తరం ఇస్తే ఎలా తెల్లమొహం వేస్తారో మనకు తెలుసు. అక్కడ అది సర్కారు హుకుంతో మొత్తం జాతికి జరిగింది.

అక్షరాలే కాదు, రాసేవాళ్లూ పోయారు. 1937, 38లలో స్టాలిన్ పోలీసులు కజాన్ రచయితలను ఒక్కొక్కరినే పట్టుకెళ్లారు. పెద్ద నవలాకారుడు గలీంజాన్ ఇబ్రహీమోవ్ జైల్లో కన్నుమూశారు. నాటక రచయిత కరీం తించూరిన్‌ను కాల్చి చంపారు. అలా ఖాళీ అయిన ఊళ్లో 1939లో రచయితల సంఘానికి అధ్యక్షుడైంది జలీలే. ఎవరికి సుఖంగా ఉంటుంది ఆ కుర్చీ?

1941లో జర్మనీ దాడి చేసింది. జలీల్ సైన్యంలో చేరి, వోల్ఖోవ్ ఫ్రంట్‌లో సైనిక పత్రికకు పనిచేశారు. 1942 జూన్‌లో ఆయన ఉన్న సైన్యం శత్రువు ముట్టడిలో చిక్కుకుంది. గాయపడి ఖైదీ అయ్యారు. శత్రువుకు లొంగిపోయిన వాళ్లను ద్రోహుల కింద లెక్కేయాలని స్టాలిన్ అప్పటికే ఉత్తర్వు ఇచ్చి ఉన్నాడు. గాయపడి పట్టుబడ్డావా, లేక చేతులెత్తి లొంగావా అని అడిగే ఓపిక ఎవరికీ లేదు.

జర్మన్లు తాతార్, బష్కీర్ ఖైదీలతో ఇదెల్-ఉరాల్ అనే దళం తయారుచేసి, రష్యా మీదికే పంపాలనుకున్నారు. జలీల్ గుమెరోవ్ అనే మారుపేరుతో అందులో చేరారు. పైకి ఖైదీల కోసం సాంస్కృతిక కార్యక్రమాలు, లోపల గైనాన్ కుర్మషెవ్ నడిపే రహస్య బృందం పని. చాటుగా కరపత్రాలు వేసి పంచేవారు. 1943 ఫిబ్రవరిలో ఈ దళం మొదటి బెటాలియన్‌ను బెలారస్‌లోని విటెబ్స్క్ దగ్గరికి పంపగానే, వందలాది మంది ఆయుధాలతో సహా సోవియట్ గెరిల్లాల వైపు వెళ్లిపోయారు. ఆగస్టులో బృందం దొరికిపోయింది.

బెర్లిన్‌లోని మోఅబిట్ జైల్లో దొరికిన కాగితం ముక్కలతో జలీల్ నోటుపుస్తకాలు కుట్టుకున్నారు. అరబీ లిపి దాంట్లో 60 కవితలు, లాటిన్ దాంట్లో 50. కొన్ని రెండిట్లోనూ ఉన్నాయి. ఒకటి పోయినా ఇంకోటి మిగలాలని అనుకున్నారేమో. 1944 ఆగస్టు 25న ప్లోట్జెన్‌జే జైల్లో ఆయనతో కలిపి 11 మందిని గిలెటిన్‌తో తల నరికి చంపారు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, అరగంటలో పని అయిపోయింది. పిల్లల కథలు రాసే అబ్దుల్లా అలీష్ కూడా ఆ 11 మందిలో ఉన్నారు. జలీల్ వయసు 38.

ఇక్కడితో కథ అయిపోలేదు. శత్రువు చంపిన మనిషిని సొంత ప్రభుత్వం ద్రోహి అంది. 1946లో రహస్య పోలీసులు ఆయన మీద దేశద్రోహం ఫైలు తెరిచారు. మరుసటి ఏడాది, వెతుకుతున్న ప్రమాదకర నేరస్తుల జాబితాలో ఆయన పేరు చేర్చారు. రెండేళ్ల పైగా గడిచాక కూడా చచ్చిపోయిన మనిషి కోసం గాలింపు! కజాన్‌లో భార్య అమీనాకు, చిన్న కూతురికి ఆ మచ్చ తప్పలేదు.

మరి నోటుపుస్తకాలు ఎలా వచ్చాయి? అరబీ లిపి పుస్తకాన్ని తోటి ఖైదీలు దాచి ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించారు. చివరికి నిగ్మత్ తెరెగులోవ్ 1946లో దాన్ని కజాన్ రచయితల సంఘానికి అప్పగించారు. ఆయనకు దక్కిన బహుమానం అరెస్టు. శిబిరంలోనే చనిపోయారు. రెండోది బెల్జియం వాడైన ఆంద్రె తిమ్మర్మన్స్ దగ్గర ఉండిపోయింది. మోఅబిట్‌లో జలీల్‌తో ఒకే గదిలో ఉన్న ఆయనకు తాతార్ భాష రాదు. అయినా ఇచ్చిన మాట కోసం దాచిపెట్టి, సోవియట్ అధికారులకు చేరేలా చూశారు. 1947లో అది బ్రస్సెల్స్ నుంచి వచ్చింది.

స్టాలిన్ 1953 మార్చి 5న చనిపోయాడు. ఎనిమిది వారాలు తిరగకముందే, ఏప్రిల్ 25న రచయిత కొన్‌స్తాంతిన్ సిమొనొవ్ చొరవతో ఈ కవితలు రష్యన్‌లో అచ్చయ్యాయి, అదీ మాస్కోలోని పెద్ద సాహిత్య పత్రికలో. 1956 ఫిబ్రవరిలో ఆయనకు సోవియట్ యూనియన్ వీరుడు బిరుదు, 1957లో లెనిన్ బహుమతి ఇచ్చారు. స్టాలిన్ దురాగతాల మీద ఖ్రుశ్చేవ్ రహస్య ప్రసంగం చేసింది కూడా ఆ ఫిబ్రవరిలోనే. 1966లో కజాన్ కోట ముందు, ముళ్లతీగ తెంచుకుంటున్న జలీల్ విగ్రహం నిలబెట్టారు. ఒపెరా థియేటర్‌కు ఆయన పేరే.

ఇంకో నోటుపుస్తకం కూడా ఉండాలి. 1946లో కాజిమ్ మిర్షాన్ అనే టర్కీ పౌరుడు రోమ్‌లోని సోవియట్ రాయబార కార్యాలయంలో ఇచ్చివెళ్లాడు. అది మాస్కోలో రహస్య పోలీసుల చేతికి చేరింది. తర్వాత దశాబ్దాల పాటు వెతికారు. దొరకలేదు.