బాలగంధర్వ – ఒక నాటక కంపెనీ జమాఖర్చులు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- బాలగంధర్వ జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
- హాలు నిండినా నాటక కంపెనీ ఎందుకు అప్పుల్లో పడుతుందో వివరించగలుగుతారు.
- ఒక ఆటను ఎప్పుడు నడపాలి, ఎప్పుడు ఆపాలి అనే నిర్ణయం ఎలా జరుగుతుందో తెలుసుకుంటారు.

1. పరిచయం

మన ఊళ్లలో తిరునాళ్లకు సురభివారి నాటకం వచ్చిందంటే పెద్దలు ఇప్పటికీ ఆ కబుర్లు చెప్పుకుంటారు. తెరలు, దీపాలు, హార్మోనియం, తెల్లవారేదాకా పద్యాలు – ఇవన్నీ మీరు చూసి ఉంటారు, లేదా విని ఉంటారు. చూసేవారికి అది వినోదం. నడిపేవారికి అది బతుకుతెరువు. ఈ రోజు టికెట్లు ఎన్ని తెగాయి, ఖర్చు ఎంత అయింది, రేపు ఆట ఉంటుందా ఉండదా అన్న లెక్క తెర వెనుక ప్రతి రాత్రీ జరుగుతుంది.

మహారాష్ట్రలో ఇలాంటి సంగీత నాటకాలకు గొప్ప చరిత్ర ఉంది. 1880లో అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్ పుణేలో శాకుంతలం నాటకాన్ని పాటలతో ప్రదర్శించారు. అప్పటి నుంచి మరాఠీ సంగీత నాటకం పెరిగి పెద్దదైంది. ఆ కాలంలోనే ధార్వాడ ప్రాంతపు నాటక సమాజాలు మన తెలుగు ఊళ్లకు వచ్చి ఆడాయి. వాటిని చూసిన ఉత్సాహం తెలుగు నాటకరంగానికి కూడా తోడ్పడింది. మరాఠీ సంగీత నాటకానికి మకుటం లేని మహారాజుగా పేరు పొందినవారు బాలగంధర్వ. ఆయన జీవితం గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. బాల్యం, రంగప్రవేశం

బాలగంధర్వ అసలు పేరు నారాయణ్ శ్రీపాద్ రాజహంస. ఆయన 1888 జూన్ 26న జన్మించారు. చిన్నతనం నుంచే ఆయన గొంతు ఎంతో తియ్యగా ఉండేది. పసివాడుగా ఉన్నప్పుడు ఆయన పాట విన్న లోకమాన్య తిలక్ సంతోషించి, ఆయనను బాలగంధర్వ అని పిలిచారని చెబుతారు. అసలు పేరు మరుగున పడి ఆ పేరే జీవితాంతం నిలిచిపోయింది. కొల్హాపూర్ పాలకుడు శాహూ మహారాజ్ కూడా ఆ బాలుణ్ణి ఆదరించారు.

1905లో ఆయన కిర్లోస్కర్ నాటక మండలిలో చేరారు. శకుంతల వేషంతో రంగం మీదికి వచ్చారు. ఆ రోజుల్లో గౌరవ కుటుంబాల స్త్రీలు నాటకాలలో వేషం వేసేవారు కారు. స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. మన స్థానం నరసింహారావు తెలుగు రంగస్థలం మీద స్త్రీ పాత్రలతో ఎంత పేరు తెచ్చుకున్నారో, ఆయన కంటే ఒక తరం ముందు బాలగంధర్వ మరాఠీ రంగస్థలం మీద అంత పేరు తెచ్చుకున్నారు. ఆయన చీర కట్టిన తీరునూ, కొప్పులో పూలు పెట్టిన తీరునూ చూసి మహారాష్ట్రలో స్త్రీలు అలాగే అలంకరించుకునేవారు.

3. ఆట ఆగలేదు

1911 మార్చి నెలలో బొంబాయిలో (నేటి ముంబైలో) మానాపమానం అనే కొత్త నాటకం మొదటి ప్రదర్శన ఏర్పాటైంది. రచయిత కృష్ణాజీ ప్రభాకర్ ఖాడిల్కర్. సంగీతం గోవిందరావు టేంబే. ఇందులో బాలగంధర్వ కథానాయిక భామిని వేషం వేయాలి. సరిగ్గా ఆ రోజునే ఆయన పసికూతురు చనిపోయింది. ఆట ఆపుదామని అనుకున్నవారు ఉన్నారు. కానీ బాలగంధర్వ అంగీకరించలేదు. టికెట్లు కొన్న ప్రేక్షకులు వచ్చి కూర్చుంటారు, కొత్త నాటకం మీద కంపెనీ ఎంతో ఖర్చు పెట్టింది, అందరి కష్టం దాని మీద ఆధారపడి ఉంది. ఆయన దుఃఖాన్ని దిగమింగి వేషం కట్టారు. నాటకం గొప్పగా విజయవంతమైంది.

ఈ సంఘటనను మెచ్చుకునేవారు ఉన్నారు. తండ్రి అలా చేయవచ్చునా అని బాధపడేవారూ ఉంటారు. మీరు ఏమనుకుంటారో ఆలోచించండి. ఒకటి మాత్రం నిజం. ఆట ఆపడం అన్నది ఆయనకు చాలా కష్టమైన పని. తరువాతి జీవితమంతా ఈ స్వభావమే ఆయనను నడిపించింది.

4. సొంత కంపెనీ

1913లో బాలగంధర్వ, గోవిందరావు టేంబే, గణపతిరావు బోడస్ కలిసి గంధర్వ నాటక మండలిని స్థాపించారు. తరువాతి కాలంలో మిగిలిన ఇద్దరూ తప్పుకోగా, భారమంతా బాలగంధర్వ మీదనే పడింది.

ఈ కంపెనీ ఆడిన నాటకాలలో స్వయంవరం (1916), ఏకచ్ ప్యాలా (1919), ద్రౌపది (1920) ముఖ్యమైనవి. స్వయంవరంలో ఆయన రుక్మిణి. ఆ నాటకానికి ఆయన గురువు భాస్కర్‌బువా బఖలే బాణీలు కట్టారు. ఏకచ్ ప్యాలా అంటే ఒకే గ్లాసు అని అర్థం. తాగుడు వల్ల ఒక సంసారం ఎలా కూలిపోతుందో అందులో చూపారు. నగలతో, పట్టుచీరలతో మెరిసే బాలగంధర్వ ఇందులో తాగుబోతు భార్య సింధు పాత్రలో చిరుగుల చీరతో కనిపించారు. ప్రేక్షకులు కంటతడి పెట్టారు. రచయిత రామ్ గణేశ్ గడ్కరీ ఈ నాటకం రంగస్థలం మీదికి రాకముందే చనిపోయారు.

5. వసూళ్లు ఉన్నాయి, అప్పులు ఎందుకు?

బాలగంధర్వ ఆడితే హాలు నిండేది. వన్స్ మోర్ అని కేకలు వేస్తే ఒకే పాటను మళ్లీ మళ్లీ కొత్త విధంగా పాడేవారు. ఆటలు తెల్లవారుజాము దాకా సాగేవి. మరి కంపెనీ అప్పుల్లో ఎందుకు పడింది?

కారణం ఖర్చు. రంగం మీద ఏదీ నకిలీగా ఉండకూడదని ఆయన పట్టుదల. ఖరీదైన చీరలు, మేలైన తివాచీలు, కొత్త తెరలు వచ్చేవి. హాలులో అత్తరు చల్లించేవారు. తబలాకు అహ్మద్‌జాన్ తిరక్వా, సారంగికి కాదర్ బక్ష్ వంటి గొప్ప విద్వాంసులను పెట్టుకున్నారు. కంపెనీలో ఉన్న వారందరికీ మంచి భోజనం పెట్టేవారు. ద్రౌపది నాటకంలో మయసభ కోసం చేసిన ఖర్చు విపరీతమైంది. లెక్కలు చూసుకోవడం మాత్రం ఆయనకు అలవాటు లేదు.

ఇక్కడ రెండు రకాల ఖర్చులను గమనించాలి. మొదటిది, ఆట మొదలు కాకముందే పెట్టే ఖర్చు: సెట్టింగులు, దుస్తులు, సాధన. ఇది ఒక్కసారి అవుతుంది. రెండవది, ప్రతి ఆటకూ అయ్యే ఖర్చు: హాలు అద్దె, జీతాలు, భోజనాలు, దీపాలు, కరపత్రాలు, రైలు ఛార్జీలు. కంపెనీ నిలవాలంటే టికెట్ల మీద వచ్చే డబ్బు రెండవ ఖర్చును దాటాలి. దాటగా మిగిలినదానితో మొదటి ఖర్చు తీరాలి.

6. 1921: నడపాలా, మూయాలా?

1921 నాటికి కంపెనీ అప్పు లక్ష రూపాయలు దాటిపోయింది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. కంపెనీని మూసి, సామాను అమ్మి, చేతులు దులుపుకోవడం ఒక దారి. అభిమానులు చందాలు వేస్తే తీసుకోవడం మరొక దారి. బాలగంధర్వ రెండూ వద్దనుకున్నారు. అప్పు మొత్తం తన బాధ్యతగా తీసుకొని, నాటకాలు ఆడి తీరుస్తానన్నారు.

ఇది మొండితనమా, తెలివైన పనా? ఒక లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు అర్థం కావడానికి ఊహించినవి మాత్రమే.

ఒక ఆటకు ఖర్చు 600 రూపాయలు, వసూలు 800 రూపాయలు అనుకోండి. రాత్రికి 200 మిగులుతుంది. సెట్టింగుల కోసం చేసిన అప్పు 20,000 రూపాయలు. 100 ఆటలు ఆడితే ఆ అప్పు తీరుతుంది. అలా కాక ఈ రోజే మూసేస్తే పాత తెరలు, చీరలు వేలంలో సగం ధరకు కూడా పోవు. అప్పు అలాగే నిలిచిపోతుంది. కాబట్టి నడపడమే మంచిది.

ఇప్పుడు వసూలు 500 రూపాయలకు పడిపోయిందనుకోండి. అప్పుడు ఆడిన ప్రతి రాత్రీ మరో 100 రూపాయల అప్పు పెరుగుతుంది. ఎంత బాగా ఆడినా నష్టమే. వసూళ్లు మళ్లీ పెరుగుతాయన్న ఆశ లేకపోతే మూయడమే మంచిది.

1921లో బాలగంధర్వకు ప్రేక్షకులు తగ్గలేదు. లోపం ఖర్చులో ఉంది గాని వసూళ్లలో లేదు. అందుకే నడపాలన్న నిర్ణయం ఫలించింది. ఎన్నో ఏళ్లు ఊరూరా ఆడి, ఆ దశాబ్దం ముగిసేలోగా ఆ అప్పు తీర్చారు.

7. పోటీదారులు కలిసిన రాత్రి

అదే 1921లో ఒక అపురూపమైన సంఘటన జరిగింది. గంధర్వ మండలికి గట్టి పోటీ లలితకళాదర్శ్ కంపెనీ. దాని అధిపతి కేశవరావు భోసలే గొప్ప గాయకుడు. తిలక్ స్వరాజ్య నిధికి డబ్బు సమకూర్చడం కోసం వీరిద్దరూ కలిసి మానాపమానం ఆడాలని నిశ్చయించారు. జూలై 8న బొంబాయిలో ఆ ప్రదర్శన జరిగింది. భోసలే నాయకుడు ధైర్యధరుడు, బాలగంధర్వ నాయిక భామిని. జనం విరగబడి వచ్చారు. సొంత కంపెనీ అప్పుల్లో ఉన్న మనిషి దేశం కోసం ఆ రాత్రి పాడారు. ఆ తరువాత మూడు నెలలకే, అక్టోబరులో, భోసలే చిన్న వయసులోనే మరణించారు.

8. టాకీలు వచ్చాయి

1931లో మొదటి భారతీయ టాకీ ఆలం ఆరా విడుదలైంది. 1932లో ప్రభాత్ కంపెనీ మరాఠీలో అయోధ్యేచా రాజా తీసింది. అందులో హరిశ్చంద్రుడిగా నటించినది బాలగంధర్వ పాత భాగస్వామి గోవిందరావు టేంబే.

టాకీ తక్కువ టికెట్టుకే ఆటా పాటా చూపింది. ఒకే రోజున పది ఊళ్లలో ఆడగలిగింది. దానికి రాత్రి రాత్రికీ జీతాలు, భోజనాలు, సామాను రవాణా అక్కరలేదు. హాళ్ల యజమానులు నాటకాలకు బదులు సినిమాలకు హాళ్లు ఇవ్వసాగారు. 1931లో వచ్చిన కాన్హోపాత్రా వంటి నాటకాలలో బాలగంధర్వ భక్తి పాటలకు ఆదరణ ఉన్నా, కంపెనీ ఖర్చులకు అది చాలలేదు. మళ్లీ అప్పులు పెరిగాయి.

ఈసారి పరిస్థితి 1921 వంటిది కాదు. అప్పుడు ఖర్చు తగ్గిస్తే సరిపోయేది. ఇప్పుడు ప్రేక్షకులే వేరే దారి పట్టారు. ఒక్క రోజున పసికూతురు పోయినా ఆట ఆపని మనిషి, 1934లో కంపెనీని మూసివేశారు.

తరువాత ఆయన ప్రభాత్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. వి. శాంతారాం దర్శకత్వంలో 1935లో ధర్మాత్మా చిత్రం వచ్చింది. అందులో బాలగంధర్వ సంత్ ఏకనాథుడి వేషం వేశారు. అంతకాలం స్త్రీ పాత్రలలో చూసిన మనిషిని పురుష పాత్రలో చూడడం ప్రేక్షకులకు కొత్త. ఆయనకు కూడా స్టూడియో నచ్చలేదు. ఎదుట ప్రేక్షకులు లేరు, వన్స్ మోర్ లేదు, పాటను సాగదీసే వీలు లేదు. ఆ ఒక్క చిత్రంతోనే ఆ ఒప్పందం ముగిసింది.

9. చివరి రోజులు

ఆయన మళ్లీ రంగస్థలానికే వచ్చారు. 1938లో గాయని గోహర్ కర్ణాటకి కంపెనీలో చేరారు. ఆమె స్త్రీ పాత్రలు ధరించగా, వయసు మీద పడిన బాలగంధర్వ పురుష పాత్రలు వేశారు. కానీ పాత వైభవం తిరిగి రాలేదు. 1951లో ఆయన గోహర్‌ను వివాహం చేసుకున్నారు. వేరే మతం స్త్రీ కావడం వల్ల చాలామంది అభిమానులు దూరమయ్యారు. 1950లలో ఆయన కాళ్లు పడిపోయాయి. అయినా కూర్చుని భజనలు పాడేవారు.

1955లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1964లో పద్మభూషణ్ ఆయనకు లభించాయి. 1967 జూలై 15న ఆయన కన్నుమూశారు. పుణేలో ఆయన పేరిట బాలగంధర్వ రంగమందిరం కట్టారు. దానికి శంకుస్థాపన 1962లో ఆయన చేతులతోనే జరిగింది. 1968లో అది ప్రారంభమయ్యేనాటికి ఆయన లేరు.

10. మనం నేర్చుకోవలసినది

బాలగంధర్వ గొప్ప కళాకారుడు. లెక్కలలో మాత్రం బలహీనుడు. కళ పట్ల ప్రేమతోనే ఎక్కువ ఖర్చు చేశారు, ఆ ప్రేమతోనే అప్పు తీర్చారు. ఒక పనిని కొనసాగించాలా ఆపాలా అన్న ప్రశ్న నాటకాలకే కాదు, చిన్న దుకాణానికీ, చేనేత మగ్గానికీ, కౌలు సేద్యానికీ వస్తుంది. అప్పుడు గడచిన ఖర్చును తలచుకొని బాధపడడం కంటే, రేపటి రాబడి రేపటి ఖర్చును దాటుతుందా అని చూడడం అవసరం. ఆపవలసి వచ్చినప్పుడు ఆపడం ఓటమి కాదు. కంపెనీ మూతపడినా ఆయన పాట మిగిలింది. పాత గ్రామఫోను రికార్డులలో అది ఈనాటికీ వినిపిస్తుంది.

కొత్త పదాలు – అర్థాలు

వసూళ్లు: టికెట్ల మీద వచ్చిన డబ్బు
మండలి: సమాజం, కంపెనీ
బాణీ: పాట వరుస
టాకీ: మాటలు, పాటలు వినిపించే సినిమా
శంకుస్థాపన: కట్టడానికి పునాది వేయడం

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. గంధర్వ నాటక మండలి ఏ సంవత్సరంలో మొదలైంది?
2. హాలు నిండినా కంపెనీ అప్పుల్లో పడడానికి కారణం ఏమిటి?
3. 1921లో కంపెనీని నడపడం, 1934లో మూయడం – ఈ రెండు నిర్ణయాలకు తేడా ఏమిటి?
4. ఒక ఆటకు ఖర్చు 450 రూపాయలు, వసూలు 520 రూపాయలు అయితే 50 ఆటలకు ఎంత మిగులుతుంది?

జవాబులు

1. 1913లో.
2. సెట్టింగులు, దుస్తులు, భోజనాలు, విద్వాంసుల మీద రాబడికి మించి ఖర్చు చేయడం, లెక్కలు చూసుకోకపోవడం.
3. 1921లో ప్రేక్షకులు తగ్గలేదు, ఖర్చే ఎక్కువ. 1934 నాటికి ప్రేక్షకులు, హాళ్లు సినిమా వైపు మళ్లాయి.
4. 3,500 రూపాయలు.